తలుపుకు నోటీసు అంటించకముందే

ఇంటిని తనఖా పెట్టి తెచ్చిన అప్పు వాయిదాలు నిలిచిపోయినప్పుడు, కోర్టుకు వెళ్లకుండానే ఆ ఇంటిని స్వాధీనం చేసుకుని వేలం వేసే అధికారాన్ని బ్యాంకులకిచ్చిన సర్ఫేసీ చట్టం 2002లో వచ్చింది. అది బ్యాంకుకిచ్చిన బలం గురించి మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో అందరికీ తెలుసు గాని, అదే చట్టం రుణగ్రహీతకు ఎక్కడెక్కడ ఎంత గడువు ఇచ్చిందో తెలిసినవారు తక్కువ. తెలిసినవారినీ ఆ గడువును వాడుకోనివ్వనిది పరువు భయం.

రెండు వాయిదాలు తప్పాక బ్యాంకు మేనేజరు ఎదుట కూర్చుని ఇబ్బంది చెప్పుకోవడం నామోషీ అనిపించి, చిలకలపూడి రోల్డుగోల్డు పనివారైనా నాగాయలంక రొయ్యల రైతులైనా బయట వడ్డీకి తెచ్చి బ్యాంకుకు కట్టడం మామూలైపోయింది. 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో తీసుకున్న 20 లక్షల గృహరుణానికి నెలవాయిదా సుమారు 18 వేలు. ఆరు నెలల పాటు ఆ సొమ్మును నూటికి మూడు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 36 శాతానికి, తెస్తే 1,08,000 రూపాయల కొత్త అప్పు మిగులుతుంది, దానిపై నెలకు 3,240 రూపాయల వడ్డీ అదనంగా పడుతుంది. పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించిన మచిలీపట్నంలో బ్యాంకు గడప తొక్కడానికి జంకి వడ్డీ వ్యాపారి గడప తొక్కడం విడ్డూరమే.

వాయిదా 90 రోజులకు మించి బాకీపడితే ఖాతా మొండిబాకీ, అంటే ఎన్‌పీఏ అవుతుంది కనుక అడగవలసినదేదైనా ఆలోపే రాతపూర్వకంగా అడిగి, అందినట్టు శాఖ ముద్ర వేయించుకోవాలి. మాట ఇచ్చిన మేనేజరు బదిలీపై వెళ్లిపోతే కాగితమే మిగులుతుంది. చాలామంది గడువు పెంచమని మాత్రమే అడుగుతారు గాని, పై లెక్కలో 20 ఏళ్లను 25 చేసినా వాయిదాలో తగ్గేది సుమారు 1,200 రూపాయలే. పంట చేతికొచ్చేదాకానో వ్యాపారం కుదుటపడేదాకానో కొన్ని నెలల విరామం అడగడం అంతకంటే ఉపయోగం, ఆ నెలల వడ్డీ అసలుకు కలిసినా సరే. ఒప్పుకోవడం బ్యాంకు ఇష్టమే అయినా, వైపరీత్యం ప్రకటించిన ప్రాంతాల్లో రుణాల పునర్వ్యవస్థీకరణకు రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు ఉన్నాయన్న సంగతి తుపాన్ల తాకిడి ఎరిగిన దివిసీమవారు గుర్తుపెట్టుకోదగినది.

ఎన్‌పీఏ అయ్యాక వచ్చే మొదటి నోటీసుకు 60 రోజుల గడువు ఉంటుంది. ఈలోగా లెక్కలో తప్పులనో, కట్టిన సొమ్ము జమకాకపోవడాన్నో చూపుతూ అభ్యంతరం రాస్తే బ్యాంకు 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి. తరువాత తలుపుకు స్వాధీన నోటీసు అంటించి, రెండు పత్రికల్లో ప్రకటిస్తారు, అందులో ఒకటి స్థానిక భాషాపత్రిక. తాళం మాత్రం ఇంటివారి చేతిలోనే ఉండే ఈ దశను సింబాలిక్ స్వాధీనం అంటారు. ఇల్లు ఖాళీ చేయించడానికి బ్యాంకు సాధారణంగా జిల్లా కలెక్టరును ఆశ్రయిస్తుంది. బ్యాంకు చర్యపై విశాఖపట్నంలోని రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు 45 రోజుల్లో వెళ్లవచ్చు. వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదు, అయితే రికార్డులో అలా రాసి ఉంటే చాలదనీ, నిజంగా సాగులో ఉండాలనీ సుప్రీంకోర్టు 2023లో చెప్పింది.

ఇల్లు నిలబడదని తేలినా, వేలానికి వదిలేయడం కంటే సొంతంగా అమ్ముకోవడమే లాభం, ఎందుకంటే వేలంలో సరైన పాటదారు రాకపోతే కనీసధర తగ్గుతూ పోతుంది. మొదటి నోటీసు అందాక బ్యాంకు లిఖిత అనుమతి లేకుండా అమ్మడానికి వీలులేదు కాబట్టి, కొనేవారిని వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లి, ధరలోంచి బాకీ నేరుగా బ్యాంకుకు, మిగిలినది యజమానికి చేరేలా ఒప్పందం రాసుకోవాలి. ఇదంతా వేలం ప్రకటన వెలువడకముందే ముగియాలి. 2016 సవరణ తరువాత బాకీ మొత్తం కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు ఆ ప్రకటనతోనే ముగుస్తుంది, వేలం రోజున కాదు.