ఎకరాలున్నోళ్ళకేనా లో బ్యాండు?

"నూట అరవై మీటర్ల మీద వినాలంటే బెవరేజ్ వెయ్యాలి, బెవరేజ్ వెయ్యాలంటే పొలముండాలి, పొలం లేనోడు ఇరవై మీటర్ల మీద కూర్చోవాలి." హామ్ రేడియో వాళ్ళు నలుగురు చేరితే ఈ మాట రాకుండా ఉండదు. వినీ వినీ విసుగొచ్చి ఈ టపా రాస్తున్నా. నా మట్టుకు నాకు ఇందులో సగం నిజం, సగం జమీందారీ. మా కృష్ణా డెల్టా వరకూ ఐతే ఆ సగం నిజం మీద కూడా నాకు అనుమానమే.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బెవరేజ్ అంటే తాగేది కాదు, హెరాల్డ్ బెవరేజ్ అనే అమెరికా ఇంజనీరు పేరు. వినదల్చుకున్న దిక్కుకి పొడవాటి తీగ లాగి, నేలకి రెండు మూడు మీటర్ల ఎత్తులో ఉంచి, ఆ చివర ఒక రెసిస్టరు ద్వారా ఎర్త్ చెయ్యటమే. 1921 డిసెంబరులో పాల్ గాడ్లీ స్కాట్లండులో ఆర్డ్రోసాన్ దగ్గర గుడారం వేసుకుని, అట్లాంటిక్ అవతలి హామ్‌ల సిగ్నళ్ళు విన్నది దీంతోనే. మహత్తరమైన యాంటెన్నా, కాదనను.

ఇప్పుడు దాన్ని మా పెదపారుపూడికి తెద్దాం (రామోజీరావు గారి ఊరంటే అందరికీ తెలుస్తుంది లెండి). 160 మీటర్ల బ్యాండులో ఒక తరంగం పొడవంటే 160 మీటర్ల తీగ. ఎకరం చేను చదరంగా ఉంటే పక్క 64 మీటర్లు. అంటే రెండున్నర చేలు వరసగా దాటాలి, అదీ ఒక్క దిక్కుకి! మాకు యూరప్ వాయవ్యం, జపాన్ ఈశాన్యం. రెండూ కావాలంటే రెండు తీగలు. లో బ్యాండు బాగుండేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. సరిగ్గా అప్పుడే చేలో కోత మిషను తిరుగుతుంది, ఆ వెనకే మినుము. చేను ఖాళీగా ఉండేది ఎండాకాలం. అప్పుడు బ్యాండు నిండా ఉరుముల గోల తప్ప ఏమీ ఉండదు.

నేనూ ఒక సంక్రాంతికి మా బాబాయి చేను గట్టు మీద 150 మీటర్లు లాగాను. కౌలుకి చేసే ఆయన వచ్చి "ఏం బాబూ, ఇది కరెంటు తీగేనా? గేదెలు తిరిగే చోటు" అన్నాడు. కాదని చెప్పినా ఆయన మొహంలో భయం పోలేదు. ఆయన తప్పేం లేదు, పొలాల్లో తీగలు తగిలి మనుషులు పోతున్న రోజులివి. మర్నాడు గేదెలే తెంపేసి నా సమస్య తీర్చాయి.

ఐతే అసలు పాయింటు ఇది కాదు, నేల! రేడియో తరంగం నేల వెంట పోతుంటే, నేలలో జరిగే నష్టం వల్ల కొద్దిగా ముందుకి వాలుతుంది. బెవరేజ్ తీగలో కరెంటు పుట్టేది ఆ వాలు వల్లే. నేల ఎంత మంచి వాహకమైతే వాలు అంత తక్కువ. ఉప్పునీటి మీద దాదాపు సున్నా. మాదేమో నీళ్ళు తాగిన నల్లరేగడి, బందరు వైపు పోయేకొద్దీ చౌడు. ఇలాంటి నేల ట్రాన్స్‌మిట్ చేసే వర్టికల్‌కి వరం, బెవరేజ్‌కి శాపం. అసలు పనిచెయ్యదని కాదు. రాతి నేలలో ఇచ్చినంత ఇవ్వదు. కొండరాళ్ళ దేశంలో పుట్టిన సలహాని కొబ్బరిచెట్ల దేశంలో వల్లిస్తే ఎలాగండీ?

మరి ఏం వెయ్యాలి? 1997లో గ్యారీ బ్రీడ్ ప్రచురించిన కే9ఏవై లూపు చూడండి. ఏడున్నర మీటర్ల గుంజ ఒకటి, 26 మీటర్ల తీగలు రెండు, ఒక రెసిస్టరు, రిలేలు. తొమ్మిది మీటర్ల చోటులో నాలుగు దిక్కులూ మారతాయి. లేదా జెండా యాంటెన్నా: సుమారు 9 మీటర్ల పొడవు, నాలుగుంపావు మీటర్ల ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రం. ఒక పక్క మధ్యలో వెయ్యి ఓములకి కాస్త తక్కువ రెసిస్టరు, ఎదుటి పక్క మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు. దీనికి ఎర్తే అక్కర్లేదు. అంచేత మా బురద నేలైనా, విశాఖ కొండవాలైనా, కాలిఫోర్నియా గుట్ట మీద మీ పెరడైనా దానికి పెద్ద తేడా లేదు.

"సిగ్నల్ మరీ చిన్నగా వస్తుంది కదా" అంటారు. వస్తుంది, ప్రీయాంప్ పెట్టుకోండి. లో బ్యాండులో బయటి రొదే బోలెడు. సిగ్నలూ రొదా కలిపి పెంచితే ఒరిగేదేం లేదు, మనకి కావల్సింది వాటి మధ్య తేడా. లాగ్ ఫైలు పెద్దదైతే బగ్ దొరకదు, ఫిల్టరు పెడితే దొరుకుతుంది. ఇదీ అంతే. ఈ దిక్కు ఎంపికని కొలిచే లెక్కలో మామూలు వర్టికల్‌కి 5 డెసిబెల్స్, చిన్న లూపులకి 7 పైన, పూర్తి పొడవు బెవరేజ్‌కి 10 పైచిలుకు. మూడు డెసిబెల్స్ పోతున్నాయి, ఒప్పుకుంటా. కానీ ఆ పది మంచి స్థలంలో వచ్చే పది. పైగా చిన్న జెండాని తిప్పుకోవచ్చు. మా చుట్టూ చేపల చెరువులు, ఏరేటర్ మోటార్లు. జెండా వీపుని అటు తిప్పితే ఆ రొద తగ్గుతుంది. 160 మీటర్ల తీగని తిప్పండి చూద్దాం!

ఒక్క జాగ్రత్త. లూపు బాగాలేదని తిట్టేవాళ్ళలో చాలామంది వింటున్నది లూపుని కాదు, కేబుల్ పైతొడుగుని. ట్రాన్స్‌ఫార్మర్లో రెండు చుట్లూ విడివిడిగా ఉండాలి, కేబుల్‌కి ఫెరైట్ చోక్ వెయ్యాలి. కేబుల్ టీవీ వాడే ఆర్‌జీ6 చాలు. ట్రాన్స్‌మిట్ యాంటెన్నాకి వీలైనంత దూరంగా పెట్టండి. వీలుకాకపోతే వినేటప్పుడు రిలేతో దాన్ని విడదీయండి.

ఇదంతా ఎందుకంటారా? "పొలముందా?" అనే ప్రశ్నతోనే కొత్తగా లైసెన్సు తీసుకున్న కుర్రాళ్ళని గుమ్మంలోంచే పంపించేస్తున్నాం. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్ నుంచి కబుర్లు మోసింది, హైదరాబాదు హామ్ సంస్థ నుంచి సరదా డీఎక్స్‌పెడిషనుకి వెళ్ళిన భారతీ ప్రసాద్ గారి బృందమే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమని ముంచిన జిల్లా మాది. ఊరికొకరు చెవి ఒగ్గి వినగలిగేవాళ్ళుండటం మాకు సరదా ఒక్కటే కాదు. దానికి పట్టాదారు పుస్తకం అడక్కండి. పది మీటర్ల పెరడు చాలు.