గుమ్మడికాయ వేలం

మా చిన్నప్పుడు కోత పండగ వచ్చిందంటే గుడి సంతలా ఉండేది. చర్చిని గుడి అనే అనేవాళ్లం. మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ అలాగే అంటారు. వేదిక ముందు వడ్ల బస్తాలు, నువ్వుల మూట, అరటిగెల, కాళ్లు కట్టేసిన రెండు కోళ్లు, ఎవరో ముసలామె నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చిన గుమ్మడికాయ. ఆరాధన అయ్యాక వేలం పాట మొదలయ్యేది. పాట పాడించే పెద్దాయన గుమ్మడికాయను చంటిపిల్లలా ఎత్తి పట్టుకుని "ఒకటోసారి, రెండోసారి" అంటూ సాగదీస్తే, ఎవరో ఒకరు వెనక వరసలోంచి అర్ధరూపాయి పెంచేవారు. పాట దక్కినవాడు డబ్బు కట్టి కాయను మళ్లీ అక్కడే పెట్టేసేవాడు. "ఇంకోసారి పాడించండి" అనేవాడు. ఒక ఏడు ఒకే గుమ్మడికాయ మూడుసార్లు అమ్ముడుపోయింది. నాలుగోసారి మా నాన్న పాడి ఇంటికి తెచ్చాడు. మర్నాడు దప్పళం.

దప్పళం కంటే నాకు గట్టిగా గుర్తున్నది ఆ సాయంత్రం జరిగే మరో పని. సంఘం లెక్కలు రాసే మాస్టారు పొడుగాటి పుస్తకం తెరిచి, కళ్లజోడు సర్దుకుని, మొదటినుంచి చివరిదాకా చదివేవారు. ఫలానావారి కోడి ఇంత. ఫలానావారి వడ్లు ఇంత. గుమ్మడికాయ నాలుగు పాటలూ కలిపి ఇంత. పోయినేడు వచ్చింది ఇంత, పైకప్పు పెంకులకు అయింది ఇంత, మిగిలింది ఇంత. పిల్లలం ఆవలిస్తూ కూర్చునేవాళ్లం. పెద్దవాళ్లు మాత్రం కదిలేవారు కాదు. అక్కడ రసీదు పుస్తకం లేదు. అందరూ వినడమే రసీదు.

ఇంట్లో మా అమ్మకు ఇంకో లెక్క ఉండేది. రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి మూలనున్న కుండలో వేసేది. నెలాఖరుకు ఆ పిడికెళ్లన్నీ గుడికి చేరేవి. అందులో పాస్టరు అయ్యగారి ఇంటికి ఎంత వెళ్లిందో, పేటలో మంచాన పడినవాళ్లకు ఎంత వెళ్లిందో ఆడవాళ్లందరికీ తెలుసు. కొలిచి పోసేది వాళ్లే కనుక.

ఈమధ్య మా వైపే ఒక ఉజ్జీవ సభకు వెళ్లాను. షామియానా, పొగలు కక్కే రంగుల లైట్లు, పెద్ద ఎల్ఈడీ తెర. పాట అయిపోగానే తెరమీద క్యూఆర్ కోడ్ వెలిగింది. దానికింద ఉన్నది సంఘం పేరు కాదు, ఒక మనిషి పేరు. ప్రసంగికుడు విత్తనం వెయ్యమన్నాడు. ఎంత విత్తితే అంత కోస్తారన్నాడు. అయిదు వేలు విత్తేవాళ్లు చేతులెత్తండి అన్నాడు. నా పక్కన కూర్చున్న మనిషి నాకు పిన్ని వరస. జీడిపప్పు పొట్టు తీసే పనికి పోతుంది. మనసుకు తాకినట్టుంది, ఆమె చెయ్యి ఎత్తింది. ఆ అయిదు వేలూ డ్వాక్రా గ్రూపులో అప్పు తెచ్చి కట్టిందని తర్వాత తెలిసింది.

ఆమె ఇచ్చిందని నాకు బాధ లేదు. ఇవ్వడం ఆమె ఇష్టం, ఆమె భక్తి. నన్ను కుదిపింది వేరే సంగతి. అదే పిన్ని తన పొదుపు సంఘంలో ఎంత గట్టి మనిషో నాకు తెలుసు. నెలనెలా సమావేశంలో పుస్తకం చదివి వినిపించాలి. ఎవరు ఎంత కట్టారు, ఎవరికి ఎంత అప్పు ఇచ్చారు, బ్యాంకులో ఎంత ఉంది అన్నీ వినాలి. ఒకసారి నలభై రూపాయలు తేడా వస్తే, అది తేలేదాకా తీర్మానం పుస్తకంలో సంతకం పెట్టనని భీష్మించుకుని కూర్చుంది. నలభై రూపాయలకు అంత పట్టుబట్టిన మనిషి అయిదు వేలకు ఒక్క మాట అడగలేదు. ఎందుకని నేనడిగాను.

"అది దేవుడి సొమ్ము బాబూ. లెక్కడగడానికి నానెవుల్ని?" అంది.

ఈ మాట ఆమెకు ఎవరు నేర్పారు? ఈ ప్రాంతానికి సువార్త తెచ్చినవాళ్లు మాత్రం కాదు. వాళ్లు లెక్కల మనుషులు. 1870లో కెనడాలోని నోవాస్కోషియాలో హన్నా మరియా నారిస్ అనే యువతి ఊరూరా తిరిగి, ఒక్క వేసవిలో ముప్పైకి పైగా మహిళా మిషనరీ సహాయ సంఘాలు పెట్టింది. మొదటిది కాన్సో అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో. సంపన్నులు కాని ఇళ్ల ఆడవాళ్లు ఇంటి ఖర్చులో మిగిల్చిన చిల్లర అది. అట్లాంటిక్ ఒడ్డున వాళ్లు పిడికిలి బిగించి దాచిన ఆ చిల్లరే ఓడలెక్కి మన వైపు వచ్చింది. హన్నా తర్వాత ఆర్మ్‌స్ట్రాంగ్ అనే మిషనరీని పెళ్లాడి, కొన్నాళ్లు శ్రీకాకుళంలో పనిచేసింది. 1879లో మిషనరీలైన చర్చిల్ దంపతులు బొబ్బిలిలో కుదురుకున్నారు. ఆ ఇల్లాలు మటిల్డా చర్చిల్ స్వదేశానికి రాసిన ఉత్తరాలు 1916లో పుస్తకంగానే అచ్చయ్యాయి. వాళ్ల కెనడియన్ బాప్టిస్టు మిషన్ ఏటేటా వేసే నివేదికలు వేరే. ఏ స్టేషనులో ఏం జరిగిందో ఇక్కడినుంచి అక్కడికి వెళ్లేది.

సోంపేటది ఇంకా దగ్గరి కథ. అక్కడి ఆరోగ్యవరం మిషన్ కంటి ఆసుపత్రిలో డాక్టర్ బెన్ గలిసన్ పనిచేసేవారు. ఇరవై అయిదు డాలర్లు ఉంటే ఒక మనిషికి చూపు వస్తుందని ఆయన చెప్పిన మాట కాల్గరీ వ్యాపారి ఆర్థర్ జెంకిన్స్‌కు తగిలింది. దాంతో 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పుట్టింది. ఇరవై అయిదు డాలర్లు, ఒక చూపు. దాతకు ఇంతకంటే తేటగా లెక్క చెప్పలేం.

మరి తప్పెక్కడుంది? ఆ లెక్కలన్నీ సముద్రం దాటి వెళ్లాయి. ఇచ్చినవాళ్లు అక్కడున్నారు కనుక అక్కడికి వెళ్లడం న్యాయమే. కానీ బొబ్బిలిలో, పాలకొండలో, టెక్కలిలో గుడికొచ్చే మనిషికి ఆస్తి, జీతాలు, బడి, ఆసుపత్రి అన్నీ దొరలు చూసుకునే వ్యవహారాలుగానే మిగిలిపోయాయి. దొరలు వెళ్లిపోయారు. పట్టణాల నడిబొడ్డున మిషన్ కాంపౌండ్లు మిగిలాయి, వాటి చుట్టూ కోర్టు వ్యాజ్యాలు మిగిలాయి. లెక్క అడిగే అలవాటు మాత్రం మన చేతికి పూర్తిగా అందలేదు. కోత పండగ పుస్తకంలాంటివి ఉన్నచోట ఉన్నాయి, లేనిచోట లేవు.

ఇప్పటికీ అదే తీరు. బయటిదేశం నుంచి డాలరు రావాలంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. మరో సంస్థకు బదిలీ చెయ్యకూడదు. ఆఫీసు ఖర్చులు ఇరవై శాతం దాటకూడదు. ఏటా లెక్క దాఖలు చెయ్యాలి. ఆ చట్టం మంచిచెడ్డల మీద నాకు వేరే అభిప్రాయాలున్నాయి, అవి ఇంకో వారం. ఇవాళ్టి మాట ఒకటే. డాలరుకు అడుగడుగునా లెక్కుంది. జీడిపప్పు వలిచి తెచ్చిన రూపాయికి లేదు.

విత్తనం మాట కూడా ఇక్కడి మట్టిలో మొలిచింది కాదు. అమెరికా ప్రసంగికుడు ఓరల్ రాబర్ట్స్ ఈ 'విశ్వాస విత్తనం' సిద్ధాంతం మీద పుస్తకం వేసింది 1970లో. కాన్సోలో ఆడవాళ్లు చిల్లర పోగుచేసిన సంవత్సరానికి సరిగ్గా నూరేళ్లు. ఆ ఆడవాళ్లు తాము ఎన్నడూ చూడబోని ఊరికి ఇచ్చారు, తిరిగి ఏమీ రాదని తెలిసే ఇచ్చారు. ఈ సిద్ధాంతం ఇచ్చినదానికి ఎన్నోరెట్లు వస్తుందని ఆశ పెడుతుంది. పైరు వేసిన మనిషికి దీని మోసం తెలియాలి నిజానికి. 2018లో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరిచెట్లను వేళ్లతో సహా పడగొట్టినప్పుడు దశమభాగం ఇచ్చినవాడి తోటను విడిచిపెట్టి ఇవ్వనివాడి తోట మీద పడలేదు.

అడగకపోవడానికి ఇంకో కారణం ఉంది. దాన్ని ఎవరూ పైకి అనరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చారు గానీ క్రైస్తవులకు ఇవ్వలేదు. మన రాష్ట్రంలో వాళ్లు బీసీ-సీ, రిజర్వేషన్ ఒక్క శాతం. గుడికి పోయే మనిషి కాగితం మీద ఒకలా, ఆదివారం ఒకలా ఉండాల్సి వస్తోంది. అలాంటి మనిషి సభ్యత్వ రిజిస్టరులో పేరు రాయిస్తాడా? పేరున్న రసీదు ఇంట్లో దాచుకుంటాడా? పేరు లేనివాడికి ఓటు లేదు, ఓటు లేనివాడికి లెక్క అడిగే హక్కు లేదు. పేదవాడి భయం మీద కొందరి చీకటి ఖాతాలు హాయిగా నడుస్తున్నాయి.

ఇదంతా చదివి పాస్టర్లందరినీ ఒకే గాటన కట్టేయకండి. మా వైపు పల్లె పాస్టర్లలో ఎక్కువమంది బతుకులు నాకు తెలుసు. రేకుల షెడ్డు గుడి, సైకిలు పోయి సెకండ్‌హ్యాండ్ బండి, వారమంతా ఆటో తోలి ఆదివారం వాక్యం చెప్పేవాళ్లు. గత ప్రభుత్వం మొదలుపెట్టిన నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం కోసం వాళ్లు ఎదురుచూడడం చూస్తేనే అర్థమవుతుంది, కానుకల సంచిలో పడేది ఎంతో. పౌలు కూడా డేరాలు కుట్టి తిన్నాడు. లెక్కలు బయటపడితే మొదట లాభపడేది ఈ పాస్టర్లే. సంఘం తనకు ఎంత తక్కువ ఇస్తోందో అందరికీ తెలుస్తుంది.

హిందువుల గుళ్లలో హుండీలు లేవా అని ఎవరో అడుగుతారు. ఉన్నాయి. అరసవల్లి సూర్యదేవుడి హుండీ లెక్కించినప్పుడల్లా ఎంత వచ్చిందో పేపర్లో చదువుతున్నాం. విజయనగరం పైడితల్లమ్మదీ అంతే. దేవాదాయ శాఖ పెత్తనం మీద సవాలక్ష విమర్శలున్నాయి. అలాంటి శాఖ చర్చిల మీద కూడా కూర్చోవాలని నేననను. సర్కారు లెక్కపెట్టకూడదనుకుంటే సంఘమే లెక్కపెట్టుకోవాలి. ఎవరూ లెక్కపెట్టని మూడోదారి అంటూ ఒకటి ఉండకూడదు.

కానుక పట్టే వేళ విధవరాలి రెండు కాసుల కథ చెప్పని ప్రసంగం అరుదు. లూకా సువార్తలో ఆ కథకు సరిగ్గా ముందున్న మాటలు ఎవరూ చదవరు. పొడుగు అంగీలు తొడుక్కుని దీర్ఘ ప్రార్థనలు చేస్తూ విధవరాళ్ల ఇళ్లను దిగమింగేవాళ్ల గురించి జాగ్రత్త పడమని యేసు హెచ్చరించింది అక్కడే. ఆ మాట అని తలెత్తితే కనిపించింది ఆ పేదరాలు.

రాజుల రెండో గ్రంథంలో ఇంకో ఘట్టం ఉంది. యోవాషు రాజు కాలంలో ఆలయం మరమ్మతుకని యాజకులు డబ్బు తీసుకున్నారు. ఆయన ఏలుబడిలో ఇరవైమూడో ఏడొచ్చినా బీటలు పూడలేదు. చివరికి ప్రధాన యాజకుడు యెహోయాదా ఒక పెట్టె మూతకు బెజ్జం పెట్టి బలిపీఠం పక్కన ఉంచాడు. నిండినప్పుడల్లా రాజుగారి లేఖరి, ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసి లెక్కపెట్టి సంచుల్లో కట్టేవారు. ఒక్కరే కాదు, ఇద్దరు. అదీ ఒకే ఇంటివాళ్లు కారు. కొరింథులో పోగైన చందాను యెరూషలేముకు చేర్చేటప్పుడు పౌలు కూడా తానొక్కడే మోసుకుపోలేదు. సంఘాలు ఎన్నుకున్న మనుషుల్ని వెంట పెట్టుకున్నాడు, ఎవరూ వేలెత్తి చూపకూడదని.

కనుక కొత్త చట్టమేమీ అక్కర్లేదు. కానుకలు ఇద్దరు లెక్కపెట్టాలి, వాళ్లు పాస్టరుగారి చుట్టాలు కాకూడదు. ఖాతా సంఘం పేరున ఉండాలి, చెక్కు మీద రెండు సంతకాలుండాలి. క్యూఆర్ కోడ్ కూడా ఆ ఖాతాదే. ట్రస్టీలంటే భార్య, కొడుకు, బావమరిది కారు. 2001 నాటి మన రాష్ట్ర సొసైటీల చట్టం కింద నమోదైన సంఘాలు సర్వసభ్య సమావేశాన్ని కాగితం మీద కాకుండా గుడిలో జరపాలి. పాస్టరుగారికి బతకడానికి సరిపడా జీతం తీర్మానం చేసి ఇవ్వాలి. పాత బాప్టిస్టు గుళ్లలో కీర్తన నంబర్లు వేసే చెక్కబల్ల ఉంటుంది. దానిమీద ఇంకో వరస చాలు, పోయిన ఆదివారం కానుక ఇంత అని. ఇచ్చినవాళ్ల పేర్లు అక్కర్లేదు. పేరు రాయించుకోవడానికి భయపడే మనిషి కూడా అంకె చదవగలడు.

పోయిన వారం పిన్ని ఇంటికి వెళ్తే గ్రూపు పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఆ అయిదు వేలకు ఇంకా రెండు వాయిదాలున్నాయట. యోవాషు పెట్టె కథ చెప్పాను. శ్రద్ధగా వింది. ఇద్దరూ కలిసి లెక్కపెట్టారన్న చోట తల ఊపింది, గ్రూపులో వాళ్లు చేసేదీ అదే కదా. పుస్తకం మూసి, కాసేపు ఆగి అడిగింది.

"మరి నానడిగితే దేవుడికి కోపం రాదేటి బాబూ?"

"దేవుడికి రాదు పిన్నీ. వచ్చేది ఎవరికో అడిగిన ఆదివారమే తెలుస్తుంది."

— నాగావళి