గిటార్ చేసినం, డోలిని మర్వలేదు



పోయిన వారం మేం చేసిన బేస్ గిటార్ ఫొటో ఇదే గ్రూపులో పెట్టినం. చానా మంది మెచ్చుకున్నరు, థాంక్స్. కానీ రెండు కామెంట్లు మాకు గట్టిగ తాకినయి. ఒక అన్న రాసిండు: "తాతల డోలి మూలకు పడి చెదలు పడుతుంటే మీకు గిటార్ కావాల్నా?" ఇంకో అక్క: "స్కాలర్‌షిప్ రాక ఇబ్బంది పడుతుంటే ఇప్పుడు ఈ సోకు అవసరమా?" ఇద్దరూ తప్పేం అడగలేదు. కామెంట్ కింద రెండు ముక్కల్లో చెప్తే తేలేది కాదని ఈ పోస్టు. పొడుగైంది, బస్సులో కూర్చున్నప్పుడు చదవండి.

మేం ఐదుగురం, జనగామలో ఒకటే హాస్టల్. ఇద్దరిది మహబూబాబాద్ దిక్కు తండాలు, ఇద్దరిది గంగారం, కొత్తగూడ మండలాల కోయ గూడేలు, ఒకడిది భూపాలపల్లి దాటినంక మహాదేవపూర్ వైపు. బయట లంబాడా, ఆదివాసీ పంచాయితీ ఎట్లున్నా మా రూములో ఒకటే బకెట్టు, ఒకటే చార్జర్. పైసల సంగతి ముందే చెప్తున్నం అక్కా: ఆదివారాలు పెళ్లిళ్లల్ల కేటరింగ్‌కు పోయి సంపాదించుకున్నయి. ఇంట్ల ఒక్క రూపాయి అడగలేదు.

బేస్ అంటే ఏందో తెల్వనోళ్ల కోసం. మామూలు గిటార్‌కు ఆరు తీగలు, దీనికి నాలుగు, లావుగ ఉంటయి. ఇళయరాజా పాటల్ల కింద నుంచి మెల్లగ నడుస్తది సూడండి, అది. దీని కింది తీగ సెకనుకు 41 సార్లే ఊగుతది, ఫోన్ స్పీకర్‌కు అంత కింది శబ్దం పలకదు. అందుకే వీడియో పెడితే "ఏం వినొస్తలేదు" అన్నరు సగం మంది. డీజే బాక్సు ముందు నిలబడితే గుండెల్ల అదురు వస్తది గదా, ఆ అదురే ఇది. 1951లో అమెరికాలో లియో ఫెండర్ అనే ఆయన ప్రెసిషన్ బేస్ అమ్ముడు మొదలుపెట్టిండు. అప్పటిదాకా బేస్ వాయించేటోళ్లు మనిషికంటె ఎత్తున్న వాయిద్యాన్ని మోసుకుంట తిరిగేటోళ్లు. దానికి మెట్లుండయి, వేలు ఎక్కడ పెట్టాల్నో చెవితోనే పట్టుకోవాలె. ఫెండర్ మెట్లు పెట్టిండు, సుతి తప్పకుంట అయింది. పేరు కూడా అందుకే ప్రెసిషన్.

మెట్లు అనే మాట మాకు గిటార్ పుస్తకంల దొరకలేదు. మొగులయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెర నుంచి వచ్చింది. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తేనె మైనంతో అతికించిన మెట్లు. ఫ్రెట్ అనే ఇంగ్లిష్ మాట మన దక్కలి కళాకారులకు అక్కరపడలేదు.

మెట్ల లెక్క మాత్రం మస్తు ఉంది. మా బేస్‌కు తీగ పొడవు 34 అంగుళాలు, అంటే 863.6 మిల్లీమీటర్లు. దాన్ని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు ఎక్కడో వస్తది, 48.5 మిల్లీమీటర్ల దగ్గర. మిగిలిన పొడవును మళ్లా అదే అంకెతో భాగియ్యాలె, మళ్లా మళ్లా. పన్నెండో మెట్టు సరిగ్గ సగంల, 431.8 దగ్గర పడుతది. ఇంటర్‌ల గుణశ్రేఢి బట్టీ కొట్టి, పరీక్షల రాసి, మర్చిపోయినం. కట్టె మీద పెన్సిల్‌తో గీస్తుంటే అర్థమైంది, అది దేనికి పనికొస్తదో.

కట్టె కోసం తిరిగినప్పుడు ఇంకో సంగతి తెలిసింది. లోకంల గిటార్ల వేలిపలకలకు ఎక్కువ వాడేది రోజ్‌వుడ్, అంటే మన జిట్రేగి. 2017లో సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద ఆ జాతి మొత్తాన్ని అనుమతుల జాబితాల పెట్టిన్రు. వాయిద్యాల కంపెనీలు, సంగీతకారులు గోల చేస్తే 2019లో తయారైన వాయిద్యాలకు సడలింపు ఇచ్చిన్రు. మంచిదే. మరి మన దగ్గర? 2006 అటవీ హక్కుల చట్టం వెదురు మీద, తునికాకు మీద హక్కు ఇచ్చింది, కలప మీద ఇయ్యలేదు. పెద్ద డోలికి ఒక మొద్దు కావాలె. ఆ మొద్దు కొడితే కేసు. డోలి చేసే తాత కోసం గోల చేసేటోళ్లు ఎవరు?

మేమైతే అడవి జోలికి పోలేదు. జనగామలో కూలగొట్టిన ఒక పాత ఇంటి టేకు దర్వాజ ముక్కలు వడ్ల ఆయన దగ్గర కొన్నం. మోటార్ వైండింగ్ షాపు అన్న దగ్గర కూర్చుని పికప్‌కు రాగి తీగ సుట్టినం. వేల సుట్లు, వెంట్రుక అంత సన్న తీగ. మూడుసార్లు తెగింది, నాలుగోసారి పలికింది. ఇగ మా తప్పు కూడా చెప్పాలె: మెడ లోపల స్టీలు కమ్మి ఉండాలె, టేకు గట్టిదే గదా అని పెట్టలేదు. నాలుగు తీగలు కలిసి డెబ్బై ఎనభై కిలోల బరువుతో గుంజుతయి. పది రోజులకు మెడ విల్లు లెక్క వంగింది. ఫొటోల కనపడకుంట పక్కకు తిప్పి తీసినం.

వంగకముందు దాన్ని గంగారం దిక్కు మా వాడి గూడేనికి తీస్కపోయినం. వాళ్ల తాత డోలి కొడుతడు. గిటార్ ఒళ్లో పెట్టుకుని వేళ్లతో కొట్టి చూసి అడిగిండు: "లోపల ఖాళీ లేదు, శబ్దం యాడుంటదిరా?" అయస్కాంతం, తీగ, కరెంటు అని చెప్పినం. "అయితే కరెంటు పోతే మూగదే" అని నవ్విండు. తర్వాత తన డోలి దించి, తోలుకు సెగ ఎట్ల చూపాల్నో, తాళ్లు ఎట్ల బిగియ్యాల్నో సాయంత్రం దాకా చెప్పిండు. అంతకుముందు ఎన్నిసార్లు ఆ ఇంటికి పోయినా మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. చేతుల పని మొదలుపెట్టినంకనే అడుగుడు వచ్చింది. అన్నా, నీ ప్రశ్నకు మా జవాబు ఇదే.

2022లో సకిని రామచంద్రయ్య గారికి, మొగులయ్య గారికి ఒకే ఏడాది పద్మశ్రీ వచ్చింది. రామచంద్రయ్య గారు సమ్మక్క సారలమ్మ, పగిడిద్దరాజు కథలను డోలి మీద కోయలో, తెలుగులో పాడేటోళ్లు. 2024 జూన్‌ల పోయిన్రు. ఆయన ఫొటో స్టేటస్ పెట్టినోళ్లల్ల మేమున్నం. ఆయన దగ్గర ఒక్క దరువన్నా నేర్చుకున్నోళ్లల్ల లేం.

కొందరు గిటార్లు సేకరిస్తరు, గోడ నిండా. మన వాయిద్యాలూ అట్ల సేకరించాలని మా రూములనే ఒకడు అన్నడు. రెండు రాత్రులు కొట్లాడినం. పాత డోలిని పైసలిచ్చి ఇల్లు దాటించొద్దని నలుగురం అన్నం, అది వేల్పుతోటి ముడిపడ్డది. కొలతలు, ఫొటోలు, దరువుల రికార్డు తీసుకోవచ్చు, అది కూడా ఇంటోళ్లను అడిగి. ఆ కొలతలతోటి కొత్తది చేయాలె. అయిదోవాడు ఇంకా ఒప్పుకోలేదు. చెదలు తినేదానికంటె మ్యూజియంల ఉండుడే నయం అంటున్నడు. వాని మాటల కూడా కొంత నిజముంది.

మేం అడిగేది రెండే. 2023ల చట్టమై ములుగుకు వచ్చిన సమ్మక్క సారక్క గిరిజన విశ్వవిద్యాలయంల వాయిద్యాలు చేసే వర్క్‌షాప్ ఒకటి ఉండాలె, డోలి, నంగార చేసే పెద్దోళ్లకు అందుల మాస్టర్ల లెక్క జీతమియ్యాలె. ఏటూరునాగారం ఐటీడీఏ రాసిస్తే ఫారెస్టు డిపో నుంచి డోలికి మొద్దు దొరికేటట్టు దారి చూపాలె. అర్జీ రాసి పెట్టినం, సంతకాలు కావాలె. వచ్చే ఆదివారం కేటరింగ్ లేదు, మెడ విప్పి కమ్మి వేస్తున్నం. జనగామ దిక్కు ఉన్నోళ్లు రండి. ఎవరింట్లనన్న వడ్ల పని క్లాంపులుంటే తెండి, మా దగ్గర రెండే ఉన్నయి.