జేబులో పెన్‌డ్రైవ్ లేని సాఫ్ట్‌వేరోడు

మన ఇళ్ళల్లో ఒక గట్టి నమ్మకం ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడంటే కంప్యూటర్ ఏ రోగంతో పడున్నా లేపి కూర్చోబెడతాడని. పండక్కి ఊరెళ్తే చాలు, కాఫీ గ్లాసుతో పాటు ఓ పాత లాప్‌టాప్ కూడా తెచ్చి ముందు పెడతారు. "ఏంటో రా, ఆన్ చేస్తే నల్లగా వచ్చి ఇంగ్లీషులో ఏదో రాస్తోంది, ఓసారి చూడు". దానికి మనందరి దగ్గరా బట్టీ పట్టిన సమాధానం ఒకటుంది. "అది హార్డ్‌వేర్ వాళ్ళ పని పిన్నీ, మాది సాఫ్ట్‌వేర్".

ఈ సమాధానం మీద నాకు చాలా అభ్యంతరం ఉంది. తెర మీద ఇంగ్లీషులో ఏదో రాయగలుగుతోందంటేనే ప్రాసెసరు, మెమరీ, మదర్‌బోర్డు చాలావరకు బతికే ఉన్నాయని కదా. ఇక మిగిలింది డిస్కో, బూట్ లోడరో, సగంలో ఆగిపోయిన అప్‌డేటో. డిస్కు నిజంగానే పోయుండొచ్చు, కాదనను. తక్కినవన్నీ మాత్రం శుద్ధ సాఫ్ట్‌వేర్. క్లౌడులో వందల కంటైనర్లని లేపి పడుకోబెట్టేవాళ్ళం, పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి లాగిన్ తెర వచ్చేలోపు ఏం జరుగుతుందో మాకు తెలీదు అనడం నామోషీ కాదూ? ఆ నామోషీ పోవడానికి పెన్‌డ్రైవ్ ఒకటీ, ఒక ఆదివారం మధ్యాహ్నమూ చాలు.

కంప్యూటర్‌ని దాని సొంత డిస్కు మీద ఆధారపడకుండా బయటి నుంచి లేపడం కొత్త విద్యేమీ కాదు. 2000 సంవత్సరంలోనే క్లాస్ నాపర్ అనే జర్మన్ ఆయన నాపిక్స్ అని ఒక లినక్స్ తయారుచేశాడు. సీడీ పెట్టి ఆన్ చేస్తే ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యకుండానే మొత్తం డెస్క్‌టాప్ ప్రత్యక్షం. తర్వాత 2005 నుంచి 2011 దాకా ఉబుంటూ వాళ్ళు అడిగినవాళ్ళకల్లా ఉచితంగా సీడీలు పోస్టులో పంపేవాళ్ళు. నేను ఇంజనీరింగులో చేరేసరికి ఆ వైభోగం అయిపోయింది, సీనియర్లు చెప్తుంటే వినడమే.

పెన్‌డ్రైవులు వచ్చాక ఒక డ్రైవుకి ఒక ఐఎస్ఓ అనే బాధ మొదలైంది. రూఫస్‌తో విండోస్ రాస్తే ఉబుంటూ పోయె, ఉబుంటూ రాస్తే విండోస్ పోయె. అన్నిటినీ ఒకే డ్రైవులో కుక్కుదామంటే యూమీ లాంటివి ఉండేవి గానీ కొన్ని ఐఎస్ఓలు లేచేవి, కొన్ని అలిగేవి. పట్టుదల ఉన్నవాళ్ళు గ్రబ్ కాన్ఫిగ్ ఫైలు చేత్తో రాసుకునేవాళ్ళు, ఒక్కో లినక్స్‌కి కెర్నెల్ దారి వెతికి వెతికి. పైగా ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, విండోస్ ఇన్‌స్టాలర్ లోపలి ఒక్క ఫైలే ఆ హద్దు దాటిపోతోంది. దానికో తిప్పలు.

2020లో వెంటాయ్ వచ్చి ఈ గోలంతా తుడిచేసింది. ఇది పెన్‌డ్రైవుని రెండు ముక్కలు చేస్తుంది. చివర 32 ఎంబీల చిన్న ముక్కలో బూట్ చేసే సరంజామా, మిగతాదంతా మామూలు ఎక్స్‌ఫ్యాట్. ఆ పెద్ద ముక్కలోకి ఐఎస్ఓ ఫైళ్ళని పాటలు కాపీ చేసుకున్నట్టు కాపీ చేసుకోవడమే. ఆన్ చేస్తే అందులో ఉన్నవన్నీ మెనూలో కనిపిస్తాయి. ఒకటి తీసేయాలంటే డిలీట్ కొట్టడం, కొత్తది కావాలంటే కాపీ చెయ్యడం. వెంటాయ్ కొత్త వెర్షన్‌కి మారేటప్పుడు కూడా ఐఎస్ఓలు అలాగే ఉంటాయి. మొదటిసారి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం డ్రైవు మొత్తం తుడిచేస్తుంది, లిస్టులో సరైన డ్రైవునే ఎంచుకున్నారో లేదో రెండుసార్లు చూసుకోండి. తయారీ గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

ఇంత సులువైపోవడంతోనే అసలు జబ్బు మొదలైంది. మనవాళ్ళు పెన్‌డ్రైవుని మ్యూజియం చేసేస్తున్నారు. 128 జీబీ కొని ముప్ఫై రకాల లినక్స్‌లు నింపి, మెనూ స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెడతారు. అందులో ఇరవై ఎనిమిది ఎప్పుడూ బూట్ అయి ఉండవు. అవసరం వచ్చిన రోజు చూస్తే అన్నీ మూడేళ్ళ కిందటివి. నా లెక్కలో ఆరు చాలు. లినక్స్ మింట్ ఒకటి, కళ్ళకి అలవాటైన డెస్క్‌టాప్ కాబట్టి. సిస్టమ్‌రెస్క్యూ ఒకటి, ఎందుకంటే డీడీరెస్క్యూ, టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ అన్నీ అందులోనే ఉంటాయి. క్లోన్‌జిల్లా, మొత్తం డిస్కుని యథాతథంగా ఇంకోదాంట్లోకి ఎక్కించడానికి. మెమ్‌టెస్ట్86 ప్లస్, ర్యామ్ మీద అనుమానం తీర్చుకోడానికి. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి దింపిన విండోస్ 11. ఆరోది హైరెన్స్ బూట్ సీడీ పీఈ, విండోస్ లోపలి పనులు విండోస్‌తోనే చెయ్యాల్సి వచ్చినప్పుడు. అసలు హైరెన్స్ 2012లో 15.2 దగ్గర ఆగిపోయింది, ఆ పాతదాన్ని ఇంకా మోస్తున్నవాళ్ళు దయచేసి దించుకోండి.

మా పెదనాన్నగారి లాప్‌టాప్ సంగతి చెప్తా, ఈ ఆరింటిలో ఏది ఎక్కడ పనికొస్తుందో తెలుస్తుంది. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. లాప్‌టాప్ ఓ పొద్దున విండోస్ గుర్తు దాకా వచ్చి అక్కడే తిరగడం మొదలెట్టింది. వాళ్ళ ఊళ్ళో సర్వీస్ షాపతను ఒక్క చూపు చూసి "ఫార్మాట్ కొట్టాలి సార్, డేటాకి గ్యారంటీ లేదు" అనేశాడు. అక్క పెళ్ళి ఫోటోలు, పెన్షన్ కాగితాల స్కాన్‌లు, ఆయన పదేళ్ళుగా టైపు చేసుకుంటున్న లెక్కల నోట్సు, అన్నీ అందులోనే. పెద్దమ్మ ఫోన్ చేసి "పోతే పోనీలే గానీ ఆ ఫోటోలు ఒక్కటీ వస్తే చాలురా" అంది.

శనివారం వెళ్ళి మింట్‌తో లేపాను. డిస్కు కనిపించింది. స్మార్ట్ రిపోర్టు చూస్తే పాడైన సెక్టార్లు పెరుగుతున్నాయి, అంటే ఎక్కువ గోకకూడదు. పాడవుతున్న డిస్కు మీద మొట్టమొదట చెయ్యకూడని పని రిపేరు కమాండ్లు కొట్టడం. ముందు కాపీ, తర్వాతే వైద్యం. సిస్టమ్‌రెస్క్యూలోకి వెళ్ళి డీడీరెస్క్యూతో బయటి హార్డ్‌డిస్క్‌లోకి మొత్తం ఇమేజ్ తీశాను. అది మధ్యాహ్నం భోజనం, నిద్ర, సాయంత్రం టీ అన్నీ అయ్యేదాకా నడిచింది. ఫోటోలన్నీ వచ్చాయి. నోట్సులో రెండు ఫైళ్ళు మాత్రం రాలేదు. పెదనాన్న "అవి నాకు నోటికొచ్చులే" అన్నారు.

ఆ మిషను ప్రాసెసరు ఇంటెల్ ఆరో తరానిది. మైక్రోసాఫ్ట్ విండోస్ 11కి ఎనిమిదో తరం నుంచే అనుమతిస్తుంది, పైగా టీపీఎం 2.0 కావాలంటుంది. విండోస్ 10కి చూస్తే 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు అయిపోయింది. సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకో ఏడాది పొడిగించుకునే ఏర్పాటు పెట్టారనుకోండి, అది వాయిదా వెయ్యడమే. ఎస్ఎస్‌డీ ఒకటి కొని మింట్ వేసిచ్చాను. ఆయనకి కావల్సింది ఈపేపరు, యూట్యూబు, తెలుగులో టైపింగు. మూడూ నడుస్తున్నాయి. అందరికీ ఇదే వెయ్యమనడం లేదు. టాలీ మీద బతికే దుకాణానికో, డిజిటల్ సంతకం డాంగిల్‌తో రోజూ పనుండే కాంట్రాక్టరుకో లినక్స్ అంటగడితే రేపొద్దున మనల్నే తిడతారు. కానీ బాగా పనిచేస్తున్న మిషన్ని పాతసామాన్ల వాడికి వేసేముందు పెన్‌డ్రైవుతో ఒక్క పూట నడిపి చూపిస్తే పోయేదేం లేదు. ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. నచ్చకపోతే పీకెయ్యడమే.

ఇదంతా ఇంటి సంగతి, ఆఫీసుల్లో ఇవన్నీ చూసుకోడానికి వేరే టీములుంటాయి కదా అంటారేమో. 2024 జూలై 19 గుర్తు తెచ్చుకోండి. క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క తప్పు అప్‌డేట్ ఫైలు వల్ల ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ మిషన్లు నీలి తెరకి అతుక్కుపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. పరిష్కారం ఏంటయ్యా అంటే సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఒక ఫైలు తీసెయ్యడం. అంతే. కానీ మిషను లేస్తేనే కదా రిమోట్‌లో లాగిన్ అయ్యేది! ఎన్ని ఆటోమేషన్ టూళ్ళున్నా మనిషే ఒక్కో మిషను దగ్గరికి నడిచి వెళ్ళాల్సొచ్చింది. ఆఖరికి మైక్రోసాఫ్ట్ కూడా యూఎస్‌బీ నుంచి బూటయ్యే రికవరీ టూలే విడుదల చేసింది.

ఆ రోజుల్లోనే ఇంకో సంగతి కూడా బయటపడింది. బిట్‌లాకర్ తాళం. డిస్కు ఎన్‌క్రిప్ట్ అయ్యుంటే 48 అంకెల రికవరీ కీ లేకుండా ఎంత గొప్ప పెన్‌డ్రైవైనా లోపలికి పోలేదు. విండోస్ 11 24హెచ్2 నుంచి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా సెటప్ చేస్తే చాలా ఇళ్ళ లాప్‌టాపుల్లో కూడా ఈ తాళం మనకి చెప్పకుండానే పడిపోతోంది. దొంగ చేతికి పోతే మంచిదే. కానీ నాన్నగారికి ఆ ఖాతా పాస్‌వర్డు గుర్తులేనప్పుడు మన సొంత ఇంటికి మనమే దొంగలం. పెన్‌డ్రైవ్ చేసుకునే ఆదివారమే ఇంట్లో అన్ని లాప్‌టాపుల రికవరీ కీలూ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. నవ్వకండి, నిజంగానే బీరువాలో :)

సెక్యూర్ బూట్ ఇంకో పేచీ. వెంటాయ్‌ని మొదటిసారి కొత్త మిషన్లో పెడితే నీలి తెర వచ్చి కీ ఎన్‌రోల్ చెయ్యమంటుంది. కంగారుపడి సెక్యూర్ బూట్ మొత్తానికే ఆపేస్తుంటారు చాలామంది. వాళ్ళ సైటులో చెప్పినట్టు ఆ కీ ఎక్కిస్తే సరిపోతుంది. ఎక్కించడం అంటే ఆ దారిన వచ్చేవాటిని లోపలికి వదలడమే అని కూడా తెలిసుండాలి. అందుకని వేరేవాళ్ళ మిషనైతే పని అయ్యాక ఆ కీ తీసేసి ఇవ్వడం మర్యాద. పాత ఐఎస్ఓల మీద నా కోపానికి కారణం కూడా ఇక్కడే ఉంది. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేటు పాత బూట్ లోడర్లని నిషేధించడంతో, విండోస్ పక్కన లినక్స్ పెట్టుకున్న ఎన్నో మిషన్లలో లినక్స్ లేవడం మానేసింది. పాత ఐఎస్ఓలతో చేసిన పెన్‌డ్రైవులదీ అదే గతి. ఆర్నెల్లకోసారి ఐఎస్ఓలు మార్చండి. మార్చేటప్పుడు షా256 సరిచూడండి, ఒక్క కమాండే కదా.

మరి వెంటాయ్‌ని నమ్మొచ్చా? ఇది అడగాల్సిన ప్రశ్నే. ఓపెన్ సోర్సే అయినా దాని సోర్సులో ముందే కంపైల్ చేసి పెట్టిన బైనరీ ఫైళ్ళు చాలా ఉన్నాయి. అవి ఎక్కడివో చెప్పమని 2024లో గిట్‌హబ్‌లో పెద్ద చర్చే నడిచింది. 2025 మేలో గానీ రచయిత నుంచి వివరణ రాలేదు. అన్ని నెలల మౌనం నాకు నచ్చలేదు. కంప్యూటర్లో అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రాముకి ఆ జవాబుదారీ ఉండాలి. నేను మాత్రం ఇంటి మిషన్లకి, రెస్క్యూ పనులకి వెంటాయ్ వాడుతున్నాను. డబ్బు వ్యవహారం ఉన్న సర్వర్ మీద ఏదైనా ఇన్‌స్టాల్ చెయ్యాలంటే వేరే పెన్‌డ్రైవులో ఆ ఒక్క ఐఎస్ఓనే రాసుకుంటాను. ఇది పిరికితనం అన్న స్నేహితులున్నారు. అననివ్వండి. షాపుల్లో "ఆల్ ఇన్ వన్" అని ముందే నింపి అమ్మే పెన్‌డ్రైవులు, యాక్టివేటర్ కలిపిన విండోస్‌లు మాత్రం ఊరికే ఇచ్చినా ముట్టుకోను. అందులో ఎవడేం కలిపాడో అమ్మినవాడికే తెలీదు.

ఆఫీసు లాప్‌టాపులో ఇది పెట్టే ఆలోచన కూడా వద్దు. యూఎస్‌బీ పోర్టులు మూసేసింది మనలాంటివాళ్ళ కోసమే. మెయిల్ ముందు మేనేజరుకి పోతుంది, సంజాయిషీ తర్వాత మనం రాయాలి.

కొనేటప్పుడు 64 జీబీ, యూఎస్‌బీ 3.0 సరిపోతుంది. చవగ్గా వస్తోందని కొన్న 256 జీబీలో నిజంగా ఉన్నది 16 కావచ్చు, ఎఫ్3 గానీ హెచ్2టెస్ట్‌డబ్ల్యూ గానీ నడిపితే బండారం బయటపడుతుంది. అందులో ఐఎస్ఓల పక్కన ఇంటెల్ వీఎండీ డ్రైవర్ ఫోల్డరు కూడా వేసుకోండి. పదకొండో తరం తర్వాతి చాలా లాప్‌టాపుల్లో విండోస్ ఇన్‌స్టాలర్‌కి అది లేకపోతే డిస్కే కనిపించదు, డిస్కు పోయిందనుకుని కొత్తది కొనిపించినవాళ్ళని చూశాను. బూట్ మెనూ కీ డెల్, లెనొవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ లాప్‌టాపుల్లో ఎస్కేప్. ఏసర్‌లో కూడా ఎఫ్12నే, కానీ చాలావాటిల్లో ముందు బయోస్‌లోకి వెళ్ళి దాన్ని ఆన్ చెయ్యాలి.