ఎక్స్‌రే రెండోసారి తీయాలన్నారా?

"మా నాలుగేళ్ళ బాబుకు దగ్గు తగ్గక ఛాతీ ఎక్స్‌రే తీయించాం. మొదటిది సరిగా రాలేదని మళ్ళీ తీశారు. భయంగా ఉంది. వేడెక్కని కొత్తరకం ట్యూబులు వచ్చాయట, వాటితో ఈ బాధ ఉండదా?" అని హనుమకొండ నుంచి ఒక సోదరి వ్రాశారు.

అమ్మా, ముందు భయం సంగతి. ఇంట్లో ఊరికే కూర్చున్నా నేల నుంచి, ఆకాశం నుంచి కొంత రేడియేషన్ మనకు తగులుతూనే ఉంటుంది. ఒక ఛాతీ ఎక్స్‌రే అంటే సుమారు 3 నుంచి 10 రోజుల్లో అలా తగిలేదంత. రెండుసార్లు తీసినంత మాత్రాన బాబుకు ముప్పు లేదు. అలాగని అవసరం లేకుండా ఒక్కటి కూడా తీయించకూడదు, పసివాళ్ళకు మరీను.

బొమ్మ చెడడానికి పెద్ద కారణం బిడ్డ కదలడమే. మరొకటి, ట్యూబులో కరెంటు నిలకడగా లేకపోవడం. ఎలక్ట్రానులు వేగంగా వెళ్ళి లోహాన్ని ఢీకొంటే ఎక్స్‌రేలు పుడతాయి. 1913లో కూలిడ్జ్ తయారుచేసిన పద్ధతిలో టంగ్‌స్టన్ తీగను ఎర్రగా కాల్చి ఎలక్ట్రానులు రప్పిస్తారు. నేటికీ ఎక్కువ యంత్రాలు ఇవే. తీగ వేడి కాస్త తగ్గినా ఎలక్ట్రానులు బాగా తగ్గిపోతాయి. అందుకే యంత్రం లోపలే స్టెబిలైజరు ఉంటుంది, మన ఫ్రిజ్‌కు పెట్టుకున్నట్టే.

మీరు విన్న కొత్తరకంలో కార్బన్ నానోట్యూబులు వాడతారు. 1991లో జపాను శాస్త్రజ్ఞుడు ఇజిమా వెలుగులోకి తెచ్చిన ఈ బొగ్గు గొట్టాలు వెంట్రుకలో వెయ్యోవంతు కన్నా సన్నం. వాటి మొన నుంచి కాల్చకుండానే ఎలక్ట్రానులు ఊడివస్తాయి. మీట వేయగానే మొదలు, తీయగానే బందు. అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం వారు ఎలుకల ఊపిరికి సరిగ్గా జతచేసి బొమ్మలు తీశారు కూడా.

మరి బాధ ఉండదా అంటే, ఉంటుంది. ట్యూబులో ఎంత గాలి తోడేసినా కాస్త మిగులుతుంది. ఆ అణువులు మొనలమీద చేరినా, వచ్చి మొనలను కొరికినా కరెంటు ఎగుడుదిగుడవుతుంది. ఒక మొన పొడుగైతే భారమంతా అదే మోసి కాలిపోతుంది. అందుకని ముందే కొంతసేపు నడిపి మొనలను సరిచేస్తారు. దారిలో ఒక రెసిస్టెన్సు పెడతారు. కరెంటు పెరగబోతే అది వోల్టేజిని కొంత మింగి అదుపు చేస్తుంది. వీటికి తోడు ఎలక్ట్రానిక్ కాపలా. పాకాల చెరువు తూము దగ్గర నీరటి కాలువలో పారకం చూసి తూము ఎత్తడం, దించడం చేస్తాడే, ఆ పనే ఇది క్షణక్షణం చేస్తుంది.

యంత్రం ఏదైనా మీ చేతిలో ఉన్నది బిడ్డను కదలకుండా పట్టుకోవడం. పట్టుకునేవారికి సీసం ఏప్రాను అడగండి. గర్భిణి మాత్రం పట్టుకోకూడదు. మళ్ళీ తీస్తామంటే ఎందుకో మర్యాదగా అడగండి, తప్పులేదు. పాత ఫిల్ములు పారేయకండి.

బాబుకు దగ్గు రెండు వారాలు దాటినా, జ్వరం ఉన్నా, బరువు తగ్గుతున్నా, ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చి ఉన్నా, ఆ మాట దాచకుండా చెప్పి ఎం.జి.ఎం. ఆస్పత్రిలో పిల్లల డాక్టరుకు చూపించండి.