చమత్కారాల మాటున మరుగుపడ్డ పాలన

2006 సెప్టెంబర్ 13న టెక్సస్ మాజీ గవర్నర్ ఆన్ రిచర్డ్స్ అన్నవాహిక క్యాన్సర్‌తో ఆస్టిన్‌లో కన్నుమూశారు. వయసు 73. మర్నాటి నుంచి నివాళులన్నీ ఒకే పాట అందుకున్నాయి: గాలికి చెదరని తెల్లజుట్టు గోపురం, టెక్సస్ యాస, ఎదుటివాళ్ల నోరు మూయించే చమత్కారం. ఇప్పటికీ ఆమె పేరెత్తితే అవే ముందుకొస్తాయి. మెప్పులాగే వినిపించే ఈ ముచ్చట్లు ఆమెకు తీరని అన్యాయం చేశాయి. రాష్ట్రాన్ని ఏలిన మనిషిని వేదికెక్కి నవ్వించిన మనిషిగా మిగిల్చాయి.

అసలు ఆ జ్ఞాపకాల్లో ఆమె సొంతం ఎంత? 1988లో అట్లాంటాలో జరిగిన డెమొక్రాటిక్ పార్టీ జాతీయ సమావేశంలో ఆమె ప్రసంగం నుంచి అందరూ అప్పజెప్పే మాట ఒకటుంది. హాలీవుడ్ నర్తకుడు ఫ్రెడ్ ఆస్టేర్ ఆడిన ఆటంతా ఆయన జోడీ జింజర్ రోజర్స్ కూడా ఆడింది, అదీ హై హీల్స్ వేసుకుని, వెనక్కి అడుగులేస్తూ అని. ఆ మాట 1982లోనే బాబ్ థేవ్స్ కార్టూన్‌లో వచ్చింది. ఇక 1992 జూలైలో టెక్సస్ మంత్లీ ముఖచిత్రంగా వేసిన బొమ్మ: తెల్లటి దుస్తుల్లో, హార్లీ డేవిడ్‌సన్ మీద ఠీవిగా రిచర్డ్స్. అందులో తల ఒక్కటే ఆమెది, ఒళ్లు ఓ మోడల్‌ది. అరువు మాటనూ అతుకు బొమ్మనూ పట్టుకుని ఒక గవర్నర్‌ను తలుచుకుంటున్నారు.

ఆమె సొంతమైనవి వేరే ఉన్నాయి.

గవర్నర్ కాకముందు ఆమె రాష్ట్ర కోశాధికారి. ఖజానాకు వచ్చిన చెక్కు బల్ల మీద ఎన్నాళ్లు పడి ఉంటే అన్నాళ్ల వడ్డీ ప్రజలకు నష్టం. ఆ జాప్యాన్ని తగ్గించడానికి కంప్యూటర్లు తెచ్చి, పాత పద్ధతులు మార్చారు. ఇది ఏ నివాళి సభలోనూ చప్పట్లు తెచ్చే సంగతి కాదు.

అమెరికాలో గవర్నర్ అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి. కానీ టెక్సస్‌లో 1876 నాటి రాజ్యాంగం గవర్నర్ చేతులు చాలావరకు కట్టేసింది. లెఫ్టినెంట్ గవర్నర్, అటార్నీ జనరల్ ఎవరికి వారు విడిగా ఎన్నికై వస్తారు. గవర్నర్‌కు మిగిలిన పెద్ద ఆయుధం బోర్డులకూ కమిషన్లకూ సభ్యులను నియమించడం. రిచర్డ్స్ ఆ ఆయుధంతోనే రాష్ట్రం ముఖం మార్చారు. నాలుగేళ్లలో చేసిన దాదాపు 3 వేల నియామకాల్లో 40 శాతానికి పైగా మహిళలు, సుమారు ఐదో వంతు హిస్పానిక్‌లు. నేర బాధితురాలైన ఒక మహిళను క్రిమినల్ జస్టిస్ బోర్డులో కూర్చోబెట్టారు. రాష్ట్ర విద్యా బోర్డు పగ్గాలు తొలిసారి ఒక టీచర్‌కు అప్పగించారు. టెక్సస్ రేంజర్స్ దళంలోకి తొలి మహిళలు వచ్చింది కూడా ఆమె హయాంలోనే, 1993లో.

అదంతా హంగామానే, అందుకే 1994లో జార్జ్ డబ్ల్యూ. బుష్ చేతిలో ఓడిపోయారు అనేవాళ్లున్నారు. ఆ ఏడాది దేశమంతటా రిపబ్లికన్ గాలి వీచింది. 40 ఏళ్ల తర్వాత ప్రతినిధుల సభే ఆ పార్టీ చేతికి వెళ్లింది. పైగా తుపాకీని దాచి వెంట తీసుకెళ్లే హక్కు కోరిన బిల్లును 1993లో ఆమె అడ్డుకున్నారు. టెక్సస్‌లో ఆ పనికి ఎంత మూల్యం చెల్లించాలో ఆమెకు తెలుసు.

తప్పులు లేవని కాదు. రైల్‌రోడ్ కమిషన్‌లో ఆమె నియమించిన ఒకరు లేని డిగ్రీ ఉన్నట్టు చెప్పుకుని 1992లో రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆమె కాలంలో జైళ్లు విపరీతంగా పెరిగాయి. 1980లో మద్యం వ్యసనానికి చికిత్స పొంది బయటపడిన మనిషి కాబట్టే, ఆ జైళ్లలో వ్యసన చికిత్స కోసం పట్టుబట్టారు. ఈ లెక్కల మీద ఆమెను పొగడండి, తెగడండి. మగ గవర్నర్లను తూచేది ఈ తక్కెడలోనే గదా!

1991 జనవరి 15న, ప్రమాణ స్వీకారం రోజున, రిచర్డ్స్ జనంతో కలిసి కాంగ్రెస్ అవెన్యూ మీదుగా కాపిటల్ భవనానికి నడిచి వెళ్లారు. ఆ వీధి వంతెనకు ఇప్పుడు ఆమె పేరే. వేసవి సాయంత్రాల్లో దాని కింది నుంచి లక్షల గబ్బిలాలు ఎగిరే దృశ్యం కోసం జనం అక్కడ గుమిగూడతారు. ఉత్తరానికి తిరిగి నిలబడితే, ఆమె నాలుగేళ్లు పనిచేసిన ఆ భవనం గోపురం తిన్నగా కనిపిస్తుంది.