చిన్న కారు: కొత్తది కొనదగునా?

సొంత కారు అనేది ఒకనాడు మన దేశంలో సంపన్నుల ముంగిట మాత్రమే కనిపించే వస్తువు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి బండ్లకు ముందుగా డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. 1983 డిసెంబరులో సుమారు 50 వేల రూపాయల ధరకు మారుతి 800 వెలువడడంతో ఆ పరిస్థితి మారింది. ఉపాధ్యాయుడు, గుమాస్తా, చిన్న వ్యాపారి కూడా కారును గూర్చి కలగనసాగారు. 2014లో ఆ బండి తయారీ నిలిచిపోయినా, ఆ కల నిలిచిపోలేదు. 2025 సెప్టెంబరు 22 నుండి 1200 సీసీ లోపు ఇంజను, 4 మీటర్ల లోపు పొడవు గల పెట్రోలు కార్లపై పన్ను 28 శాతం నుండి 18 శాతానికి తగ్గడంతో అది మళ్ళీ చిగురించింది. నేడో రేపో ఉద్యోగాల్లో చేరబోయే విద్యార్థి మిత్రులు మొదటి జీతంతోనే ఈ ప్రశ్నను ఎదుర్కొనక తప్పదు: కొత్త చిన్న కారు కొనడం వివేకమా, అవివేకమా?

కొత్త కారు అంగడి గుమ్మం దాటగానే సగం విలువ కోల్పోతుందని పెద్దలు చెప్పే మాట పూర్తిగా నిజం కాదని మా అభిప్రాయం. మోటారు బీమాకు వాడే తరుగుదల పట్టికను చూడండి. మొదటి ఏడాది ముగిసేసరికి తరుగు 15 శాతం, రెండేళ్ళకు 20, మూడేళ్ళకు 30, అయిదేళ్ళకు 50 శాతం. అంటే 5 లక్షల బండి అయిదేళ్ళకు రెండున్నర లక్షలకు దిగుతుంది. సగటున ఏడాదికి 50 వేలు. మూడేళ్ళ వయసున్న బండిని మూడున్నర లక్షలకు కొని రెండేళ్ళు వాడి అమ్మినా, ఈ లెక్క ప్రకారం నష్టం ఏడాదికి అంతే. కాబట్టి తరుగుదల ఒక్కటే చూపి కొత్త బండిని నిరాకరించడం సబబు కాదు.

అయితే అసలు నష్టం ఈ పట్టికలో కనిపించదు. రిజిస్ట్రేషను నాడు కట్టే జీవితకాల పన్ను తిరిగి రాదు. 2018 సెప్టెంబరు నుండి కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమాను ఒకేసారి చెల్లించవలసి ఉంది. వీటికి మించినది వడ్డీ. 4 లక్షల అప్పును 9 శాతం వడ్డీపై మూడేళ్ళలో తీర్చేవాడు వడ్డీగా సుమారు 58 వేలు చెల్లిస్తాడు. అదే అప్పును ఏడేళ్ళకు సాగదీసినవాడు సుమారు 1 లక్షా 40 వేలు చెల్లిస్తాడు. నెల వాయిదా ఆరున్నర వేలేనని సంబరపడి సంతకం చేసేవారు ఈ తేడాను గమనించరు. అప్పు చేసి పప్పుకూడు అన్న సామెత కారుకూ వర్తిస్తుంది.

అట్లాగని పాత బండి సురక్షితమైన బేరమని అనుకోరాదు. ఇది మా ఇంట జరిగిన ఉదంతం. 2020 అక్టోబరులో హైదరాబాదును వరద ముంచెత్తిన మరుసటి ఏడాది మా తండ్రిగారు ఒక వ్యాపారి వద్ద తళతళలాడే పాత కారు కొన్నారు. నాలుగు నెలలకే దీపాలు వెలగడం మానాయి, తాళం తిప్పినా ఇంజను కదలలేదు. మా వీధి మెకానిక్కు సీట్ల కింది తివాచీ ఎత్తి చూస్తే ఎండిన బురద పొరలు పొరలుగా ఉంది. బండి నీట మునిగినదన్న సంగతి మాకెవరూ చెప్పలేదు, మేమూ తివాచీ ఎత్తి చూడలేదు. ఉద్యోగ విరమణ సొమ్ములో ఒక భాగం అట్లా బురదపాలయింది. చెల్లెలి కళాశాల ఫీజుకు ఆ ఏడు చేబదులు తీసుకోవలసి వచ్చింది. రెండేళ్ళ తరువాత మూడో వంతు సొమ్ము చేత పట్టుకొని, మిగిలిన దానికి మూడేళ్ళ వాయిదాలు పెట్టుకొని కొత్త చిన్న కారు కొన్నాము. మునుపటి అనుభవం తరువాత అదే మాకు చౌక అనిపించింది.

ఇక ప్రాణరక్షణ మాట. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశపు అయిదు చిన్న కార్లను ఢీకొట్టించి పరీక్షించగా, ఎయిర్‌బ్యాగులు లేని ఆ నమూనాలలో ఒక్కదానికీ పెద్దల రక్షణ విషయంలో ఒక్క నక్షత్రం కూడా దక్కలేదు. తరువాత నిబంధనలు కఠినమయ్యాయి. 2019 నుండి ఏబీఎస్ బ్రేకులు, డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి. 2022 నాటికి ముందు సీటులో పక్కనున్న వారికీ ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది. కనుక కొత్తదా పాతదా అని అడగడం కంటే ఏ సంవత్సరపు బండి అని అడగడం మేలు.

మేము చేరిన నిర్ణయం ఇది. బండిని కనీసం పదేళ్ళు ఉంచుకోదలచినవాడు, దినదినమూ దానితో పని ఉన్నవాడు, అప్పును నాలుగేళ్ళ లోపు తీర్చగలవాడు కొత్త చిన్న కారును నిస్సంకోచంగా కొనవచ్చు. ఆ స్తోమత లేనివాడు 2022 తరువాతి బండిని, నమ్మకమైన మెకానిక్కు చేత తివాచీ ఎత్తించి చూపించుకొని కొనడం ఉత్తమం. నెలకు రెండుసార్లు పెళ్ళికో పేరంటానికో వెళ్ళడానికి మాత్రమే కారు కావాలనుకునేవాడు ఏదీ కొననక్కరలేదు. బస్సూ ఆటో అతనికి చాలు.

ఒక్క సందర్భంలో మాత్రం కొత్త కారు ఎంత చౌకైనా కొనదగినది కాదు. అది పెళ్ళికూతురి తండ్రి సొమ్ముతో కొనే కారు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ఉండగానే, పెళ్ళి పందిరి ముందు రిబ్బను కట్టిన కొత్త కారును నిలబెట్టడం మన సంఘంలో మర్యాదగా చెలామణి అవుతున్నది. దాని వాయిదాలు ఎవరు కడుతున్నారో అందులో షికారు తిరిగే వరునికి పట్టదు. అట్టి కారును కాదనగల యువకుడు సిటీ బస్సులో నిలబడి ప్రయాణించినా అతని గౌరవం తగ్గదు.

చివరగా కళాశాల కమిటీ వారికి ఒక మనవి. ఏటా ఎన్నో విషయాలపై ఉపన్యాసాలు ఏర్పాటు చేస్తున్నారు. ఒక్కరోజు ఒక మోటారు మెకానిక్కునూ, ఒక బ్యాంకు ఉద్యోగినీ పిలిపించి, పాత బండిని ఎట్లా పరీక్షించాలో, అప్పు కాగితాన్ని ఎట్లా చదవాలో విద్యార్థులకు చెప్పించగోరుతున్నాము. ఆ ఒక్కరోజు పాఠం ఏ ఒక్క ఇంటి విరమణ సొమ్మును కాపాడినా అది వ్యర్థం కాదు.